మాట ఎవరిది? తెలుగు కథారచనలో అనుకరణ చిహ్నాలు: ఒక నైతిక పరిశీలన

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలై ప్రకీర్ణక పరిచ్ఛేదంతో ముగిసే పది పరిచ్ఛేదాల గ్రంథం. అందులో విరామ చిహ్నాల ప్రసక్తి లేదు. దాన్ని గ్రంథలోపంగా ఎంచనక్కరలేదు. సంధి, సమాసం, కారకం భాషకు చెందినవి. బిందువులూ గీతలూ లేఖకుడి చేతికి చెందినవి అన్న అవగాహన ఆ మౌనం వెనక ఉంది. చిత్రమేమిటంటే నూటయాభై ఏళ్లు దాటినా మన కథావిమర్శ ఆ అవగాహన దగ్గరే నిలిచి ఉంది. వస్తువు, శిల్పం, దృష్టికోణం, మాండలికం గురించి విస్తారంగా రాసుకున్నాం. పాత్ర మాట ఎక్కడ తెరుచుకుంది, ఎక్కడ మూసుకుంది, ఆ హద్దు ఎవరు గీశారు అన్న విషయాన్ని మాత్రం ప్రూఫులు దిద్దేవారికి వదిలేశాం.

కథలో విరామ చిహ్నాలను సరిగా వాడటమంటే ఏమిటి అన్నది ఈ వ్యాసం ప్రశ్న. తెలుగులో 'సరి' అన్న మాటకు నియమానుసారం అన్న అర్థం ఒకటుంది, సమానమైనది, న్యాయమైనది అన్న అర్థమూ ఉంది. పాఠశాల వాచకాలు మొదటి అర్థాన్నే నేర్పుతాయి. వాక్యాంత బిందువు, వాక్యాంశ బిందువు, అర్ధబిందువు, న్యూనబిందువు, ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం, అనుకరణ చిహ్నాలు అని పేర్లు చెప్పి, ఒక్కో వాక్యం ఉదాహరణగా ఇచ్చి ఊరుకుంటాయి. కథకుడికి రెండో అర్థమూ కావాలి. కథలో ఎదుటి మనిషి మాటను రాసేవాడు ఆ మనిషికి బాకీపడతాడు, ఆ బాకీ లెక్క తేలేది ఎక్కువగా అనుకరణ చిహ్నాల దగ్గరే. అందుకే మిగతా చిహ్నాలను అవసరమైన మేరకే ప్రస్తావించి, చర్చను వీటికి పరిమితం చేస్తున్నాను. ఈ వ్యాసంలోని ఉదాహరణలూ అనుకరణ చిహ్నాల్లోనే ఉంటాయి. శాస్త్రచర్చలో మాటను మాటగా వేరుచేసి చూపడానికి వాటిని మించిన సాధనం లేదు. ఇబ్బంది కథలో వస్తుంది.

భాష లోపలి చిహ్నాలు

తాళపత్రాల మీద పదానికీ పదానికీ మధ్య ఎడం ఉండేది కాదు. పద్యం సగంలోనో చివరనో ఒక నిలువు గీత, రెండు నిలువు గీతలు పడితే అదే విరామం. అయినా చదివేవారు ఎవరి మాట ఎవరిదో పొరబడలేదు. ఆంధ్రమహాభారతంలో కథలో కథ, చెప్పేవాడి లోపల చెప్పేవాడు. వైశంపాయనుడు జనమేజయుడికి చెబితే దాన్ని సూతుడు శౌనకాదులకు చెబుతాడు. ఇన్ని పొరల్ని ఒక్క ఉద్ధరణ గుర్తు లేకుండా నిలబెట్టింది 'అను' ధాతువు. 'అని', 'అనిన', 'అనిన విని' అన్న రూపాలు వాక్యం ఎక్కడ ముగిసిందో, ఎవరి నోట ముగిసిందో, ఎవరి చెవిన పడిందో చెబుతాయి. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) వచనమైనా అదే పద్ధతిలో నడుస్తుంది. సంస్కృతంలో 'ఇతి', తమిళంలో 'ఎన్ఱు', కన్నడంలో 'ఎందు' చేసే పని ఇదే. మనకు అనుకరణ చిహ్నం వ్యాకరణంలోనే ఉంది. అయితే అది మూసేది మాత్రమే, తెరిచేది కాదు. మాట ఎక్కడ ముగిసిందో 'అని' చెబుతుంది. ఎక్కడ మొదలైందో మాత్రం వినేవాడే గ్రహించాలి.

ఇంగ్లీషు నుంచి వచ్చిన చిహ్నాల జంట తెరవడాన్నీ మూయడాన్నీ రెంటినీ కోరుతుంది. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. 'రాజయ్య తాను రేపు వస్తానని చెప్పాడు' అన్న వాక్యం చూడండి. ఇది ఏ జిల్లావారైనా రోజూ వాడే వాక్యం. ఇందులో కర్త 'తాను'. చెప్పేవాడు రాజయ్యను బయటినుంచి చూసి వేసిన ప్రథమపురుష పదం. క్రియ 'వస్తాను', అది రాజయ్య నోటి ఉత్తమపురుష. కర్త ఒకరి వైపు, క్రియ మరొకరి వైపు ఉన్నా వాక్యం చెక్కుచెదరదు. దీనికి అనుకరణ చిహ్నాలు ఎక్కడ పెట్టాలి? 'తాను' ముందు పెడితే రాజయ్య అనని మాట అతనికి అంటగట్టినట్లు. 'తాను' తర్వాత పెడితే కర్త గోడకు ఇవతల, క్రియ అవతల. అసలు పెట్టకపోతే, ఇంగ్లీషు వ్యాకరణం పరోక్షకథనమని పిలిచే గదిలో ఈ వాక్యాన్ని వేసినట్లు; కానీ ఆ గదిలో ఉత్తమపురుష క్రియకు చోటు ఉండదు. ప్రత్యక్షం, పరోక్షం అన్న విభజన మన బడిపుస్తకాల్లోకి దిగుమతి అయింది గాని, ఈ వాక్యం ఆ రెండు పెట్టెల్లో దేనిలోనూ పట్టదు.

'నేను రానన్నాడు' అన్నది ఇంకో రకం. ఆ 'నేను' అన్నవాడా, చెబుతున్నవాడా? రాయడానికి కూర్చున్నవాడు చిహ్నం పెట్టి తేల్చేయవచ్చు. నోటి మాటలో అది సందర్భంతోనే తేలుతుంది, కొన్నిసార్లు తేలకుండానే ఉండిపోతుంది. పంచాయితీల్లో, తగాదాల్లో ఆ తేలకపోవడమే మనిషికి నీడ. నువ్వు రావన్నాడా, తను రానన్నాడా అని నిలదీస్తే వెనక్కి తగ్గడానికి ఆ వాక్యంలో దారి ఉంది. చిహ్నం పెట్టినవాడు ఆ దారి మూసేస్తాడు.

ఇక 'అట'. తెలంగాణ వాడుకలో ఎక్కువగా 'అంట'. విన్నాను గాని నేను చూడలేదు, దీనికి నేను పూచీ కాదు అన్నదంతా ఒక్క ప్రత్యయంలో ఇమిడింది. దీనికి అచ్చులో సరిపోయే గుర్తు ప్రపంచంలో ఏ లిపికీ ఉన్నట్లు కనబడదు. ప్రశ్న కూడా అంతే. 'వస్తాడా' అన్నప్పుడు చివరి దీర్ఘం ప్రశ్నను మోస్తుంది. దాని పక్కన ప్రశ్నార్థకం చెప్పిందే చెబుతుంది. 'వచ్చిండు?' అని ప్రత్యయం లేకుండా గొంతుతో మాత్రమే అడిగినప్పుడు ఆ చిహ్నం నిజంగా పనికొస్తుంది. చాలా కథల్లో మాత్రం మొదటి చోట నిష్ఠగా కనిపించే ఈ గుర్తు, రెండో చోట సందేహంగా కనిపిస్తుంది.

ఇవన్నీ ఊహలో పేర్చిన వాక్యాలు అనిపించవచ్చు కనుక, నా పరిశోధన కోసం గరిడేపల్లి మండలంలో రికార్డు చేసుకున్న మాటల్లోంచి ఒక తునక ఇస్తున్నాను. చెప్పినామె వ్యవసాయ కూలీ, ఎనభై ఏళ్లకు దగ్గరపడిన మనిషి. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. ఎడమకాలువ నీళ్లు తమ వైపు వచ్చిన తొలి రోజుల సంగతి ఆమె చెబుతోంది. విన్నది విన్నట్లు, ఏ గుర్తూ లేకుండా రాస్తే ఇలా ఉంటుంది:

నీళ్లొచ్చినయంట పోదాం పా అంటె మా ఇంటాయన నాకు పొలమేడిది నేనెందుకొస్త అన్నడు దొరగారి మనిషొచ్చి నీ పేరు రాసిండ్రు అంటె రాస్తె రాసిండ్రు నాకు చదువొస్తదా అని ఊకున్నడు

ఇరవై చిల్లర మాటలు. ఇందులో ఎన్ని గొంతులున్నాయో లెక్కపెట్టండి. 'నీళ్లొచ్చినయంట' ఆమె మాటే, కాని అది ఊరి మాట. ఎవరో చెప్పగా విన్నది భర్తకు చెప్పింది, ఇప్పుడు నాకు చెబుతోంది. 'నేనెందుకొస్త' భర్తది. 'నీ పేరు రాసిండ్రు' దొరగారి మనిషిది. అందులో 'రాసిండ్రు' అన్న బహువచనం వెనక కనపడని అధికారులున్నారు. 'రాస్తె రాసిండ్రు' భర్తదే, కాని ఎదుటివాడి క్రియను తిరిగి అతని ముఖాన కొట్టడం. 'నాకు చదువొస్తదా' రూపంలో ప్రశ్న. పనిలో ప్రశ్న కాదు. అది నిరాకరణ, అలక, ఏళ్ల తరబడి కాగితం చేతిలో దెబ్బతిన్న మనిషి తనను తాను వెనక్కి లాక్కోవడం. అక్కడ ప్రశ్నార్థకం పెడితే అతను దొరగారి మనిషిని సమాధానం అడుగుతున్నట్లు అవుతుంది. వాక్యాంత బిందువు పెడితే అలక పోయి తీర్పు మిగులుతుంది. మూడు చుక్కలు పెడితే అతనికి దిగులు అంటగట్టినట్లు, అది ఆమె గొంతులో లేదు.

ఈ తునకకు పత్రికల మర్యాద ప్రకారం అయిదు జతల అనుకరణ చిహ్నాలు, అయిదారు పేరాలు కావాలి. అప్పుడది నలుగురు మాట్లాడుకున్న సంభాషణ అవుతుంది. ఇప్పుడది ఒకామె మోసుకొచ్చిన సంభాషణ. భర్త మాటను ఆమె తన నోటిలో తిప్పుకొని, కొంచెం ఎత్తిపొడుస్తూ, కొంచెం మురుస్తూ చెప్పింది. చిహ్నాలు పెట్టగానే భర్త ఎదురుగా వచ్చి నిలబడతాడు, చెప్పిన మనిషి తెర వెనక్కి పోతుంది.

అనుకరణ అన్న పేరు

మన వాచకాలు ఈ గుర్తులకు 'అనుకరణ చిహ్నాలు' అని పేరు పెట్టడం యాదృచ్ఛికమో కాదో గాని, పేరు మాత్రం లోతైనది. వ్యాకరణశాస్త్రంలో అనుకరణమంటే ఒక శబ్దాన్ని దాని అర్థం కోసం గాక, ఆ శబ్దం కోసమే తిరిగి పలకడం. శబ్దం తన రూపాన్నే బోధిస్తుందన్న పాణినీయ సూత్రం, అనుకరణాన్ని దాని మూలప్రకృతిలాగే చూడాలన్న పరిభాష పరిశోధకులకు తెలిసినవే. ఆ పరిభాషను కథారచనకు అన్వయిస్తే ఒక నీతి దొరుకుతుంది: పలికినదాన్ని పలికినట్లే ఉంచు, తప్పు ఉచ్చారణ అయినా దిద్దకు. అనుకరించినప్పుడు దిద్దితే అనుకరించింది ఇంకేదో అవుతుంది.

ప్లేటో 'రిపబ్లిక్' మూడో భాగంలో ఈ సంగతినే నైతిక ప్రశ్నగా లేవదీశాడు. కవి తన గొంతుతో చెప్పడం ఒకటి, మరొకరి గొంతు అరువు తెచ్చుకొని వారే అయినట్లు మాట్లాడటం మరొకటి. రెండోది అనుకరణ. 'ఇలియడ్' ఆరంభంలో పూజారి వేడికోలు ఘట్టాన్ని సోక్రటీసు ఏ పాత్ర మాటా లేకుండా కథనంగా తిరగచెప్పి చూపుతాడు. అతని భయం, ఇతరుల గొంతులు అలవాటైన మనిషి తన గొంతు పోగొట్టుకుంటాడని. మనకున్న భయం దానికి తలకిందులుగా ఉంది: అనుకరించబడినవాళ్లు తమ గొంతు పోగొట్టుకుంటారేమోనని. రెండువేల నాలుగువందల ఏళ్ల నాటి ఆ చర్చలో అనుకరించేవాడి ఆత్మ గురించి బెంగ ఉంది గాని, అనుకరణకు గురైనవారి ఊసు దాదాపు లేదు.

మన అలంకారశాస్త్రం ఇంకో వైపు నుంచి సాయపడుతుంది. నటుడు రాముణ్ని అనుకరిస్తాడని, ఆ అనుకరణే రసమని శ్రీశంకుకుడి మతం. చిత్రతురగ న్యాయం అక్కడిదే. అభినవగుప్తుడి గురువు భట్టతౌతుడు దీన్ని ఖండించాడు. ఆయన వాదంలో ఒక అంశం మనకు కావాలి: మూలాన్ని ఎవరూ చూడనప్పుడు ఇది దాని అనుకరణ అని ఎలా అంటావు? రాముడి రతిభావాన్ని చూసినవాడెవడు? కథకుడికి ఈ ప్రశ్న సూటిగా తగులుతుంది. విలేకరి అనుకరణ చిహ్నాలు పెడితే ఆ మాట ఎవరో ఎక్కడో అన్నారని ప్రమాణం చేస్తున్నాడు. ప్రమాణం తప్పితే అబద్ధం. కథలో పాత్ర ఆ మాట ఎక్కడా అనలేదు, అసలు పాత్రే లేదు. మరి కథకుడి అనుకరణ చిహ్నం దేనికి ప్రమాణం?

ఈ ప్రశ్నకు రెండు తేలిక జవాబులున్నాయి. అది ఉత్త సంప్రదాయం, దానికి ప్రమాణ విలువ లేదు అన్నది ఒకటి. పాత్ర కథకుడి సృష్టి గనక ఏం పలికించినా అతని ఇష్టం అన్నది రెండోది. రెండూ నాకు సమ్మతం కావు. పాత్ర లేదు నిజమే, కాని ఆ పాత్ర మాట్లాడే భాష ఉంది. 'ఊకున్నడు' అన్న క్రియను ఏ కథకుడూ సృష్టించలేదు. అది గరిడేపల్లిలో, నేరేడుచర్లలో, హుజూర్‌నగర్‌లో తరతరాలుగా జనం నోట అరిగిన నాణెం. కల్పిత పాత్ర నోట ఆ మాట పెట్టి అనుకరణ చిహ్నాల్లో బిగించినవాడు ఒక వ్యక్తికి కాకపోయినా ఒక వాడుకకు ప్రమాణం చేస్తున్నాడు: ఇక్కడి మనుషులు ఇలా అంటారు అని. భట్టతౌతుడి ప్రశ్నకు కథాసాహిత్యం పరంగా ఇదొక సమాధానం. మూలం వ్యక్తి కాదు, సమూహం. దాన్ని చూసినవాళ్లు, విన్నవాళ్లు ఉన్నారు. తప్పు రాస్తే పట్టుకునేవాళ్లూ ఉన్నారు.

గోడ

ఈ చిహ్నాలు మన కథలోకి అచ్చుతోనూ ఇంగ్లీషు చదువుతోనూ వచ్చాయి. ఇంగ్లీషులోనూ వీటి చరిత్ర పొడవైనదేమీ కాదు. పూర్వపు రాతప్రతుల మార్జిన్‌లో వేదగ్రంథ వాక్యాలను వేరుచేయడానికి పెట్టిన గుర్తులే కాలక్రమంలో పంక్తి లోపలికి వచ్చాయి. పద్దెనిమిదో శతాబ్దపు నవలలోనే పాత్ర సంభాషణకు అవి స్థిరపడ్డాయి. పవిత్ర వాక్యాన్ని వేరుచేసే గుర్తు మామూలు మనిషి మాటను వేరుచేసే గుర్తుగా మారడం గొప్ప మార్పే. గురజాడ కన్యాశుల్కంలో, నాటకం గనక, పాత్ర పేరే చిహ్నం. 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన 'దిద్దుబాటు' ఎవరు ఎవరితో అంటున్నారో చెప్పకుండా మాటతోనే తెరుచుకుంటుంది. పాత్ర గొంతుకు కథకుడి పరిచయం అక్కరలేదన్న ధైర్యం అది. గిడుగు రామమూర్తి శిష్టవ్యావహారికం కోసం పోరాడినవారు. ఆ పోరాటం గెలిచాక కథనానికి ఒక భాష స్థిరపడింది. అదీ మేలే. కాని కథనభాష స్థిరపడటంతో దానికి వెలుపలి భాష అన్నది కూడా ఏర్పడింది.

తెలంగాణ పల్లె నేపథ్యంగా వచ్చిన నవలలను చదివేవారికి ఈ పద్ధతి పరిచితమే. కథనం ఒక భాషలో, పాత్రలు మరో భాషలో. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' పాత్రల నోట తెలంగాణ పలుకును ధీమాగా పలికించి, ఆ తర్వాతి వారికి దారి వేసింది. ఆ ఘనతను తగ్గించడం నా ఉద్దేశం కాదు. మాండలికానికి అచ్చులో చోటే లేని రోజుల్లో అనుకరణ చిహ్నాల మధ్య దొరికిన చోటు చిన్నది కాదు. అది రక్షణ కూడా. చిహ్నం ఉంది గనకే సంపాదకుడి కలం ఆ మాటల మీద ఆగింది, ఇది పాత్ర భాష అని వదిలిపెట్టింది.

కాని రక్షణగా కట్టిన గోడ కాలం గడిచేకొద్దీ హద్దుగోడ అవుతుంది. చిహ్నాల లోపల 'వచ్చిండు', బయట 'వచ్చాడు'. లోపల ఉన్నవాళ్లు అనుభవిస్తారు, బయట ఉన్నవాడు అర్థం చెబుతాడు. లోపలి వాళ్లకు కోపం, ఆకలి, వెక్కిరింత. బయటివాడికి వివేచన, ప్రకృతి వర్ణన, చరిత్ర జ్ఞానం. సాయంత్రం ఎలా ఉందో, కాలువలో నీళ్లు ఏ రంగులో ఉన్నాయో ఆ ఊరి భాషలో వర్ణించకూడదని ఏ వ్యాకరణమూ చెప్పలేదు. అయినా వందల కథల్లో వర్ణనకు వచ్చేసరికి భాష మారిపోతుంది. సూర్యాపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. జిల్లాలు వచ్చాయి, రాష్ట్రం వచ్చింది, అనుకరణ చిహ్నాల సరిహద్దు మాత్రం పెద్దగా జరగలేదు. గరిడేపల్లి వంటి చోట ఈ గోడ మరీ విడ్డూరంగా కనబడుతుంది. కృష్ణకు అవతల పల్నాడు, తూర్పున కోదాడ దాటితే 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. సాగర్ నీళ్లతోపాటు అవతలి నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. ఒకే మనిషి బజారులో ఒకలా, ఇంట్లో ఒకలా, ఫోనులో ఇంకొకలా మాట్లాడే ప్రాంతమిది. ఇక్కడి మాటను లోపల, బయట అని రెండుగా చీల్చేవాడు ఆ మనిషి ఏ పలుకును తనదిగా ఎంచుకున్నాడో అడగనే అడగడు.

గోడ పడగొట్టినవారు లేకపోలేదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' చిత్తూరు పలుకులోనే కథ చెప్పింది. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు సీమ పలుకులో నడిచింది. వాటిలో చెప్పేవాడూ మాట్లాడేవాళ్లూ ఒకే భాషవాళ్లు గనక అనుకరణ చిహ్నం ఉన్నా లేకపోయినా అది గోడ కాలేదు. అయితే ఒక చిన్న విషయం గమనించాలి. ఆ రెండింటిలోనూ చెప్పేది చిన్నపిల్లవాడి 'నేను'. మాండలికంలో కథనం నడపడానికి మన పాఠక సమాజం బాల్యానికి ముందుగా అనుమతి ఇచ్చింది. పిల్లవాడు కాని, పాత్ర కాని, సర్వం తెలిసిన ప్రథమపురుష కథకుడు 'ఆమె ఊకున్నది' అని రాస్తే ఇప్పటికీ కనుబొమ్మలు లేస్తాయి. గోగు శ్యామల వంటి రచయిత్రుల కథలు ఈ అనుమతి కోసం ఆగలేదు. వాటి మీద జరగవలసిన శైలీచర్చ మాత్రం ఇంకా బాకీ ఉంది.

కనక చిహ్నాలను తీసేస్తే సరిపోతుందా? తీసేయాలన్న ఉత్సాహం ఇటీవలి కథకుల్లో కనిపిస్తోంది. జేమ్స్ జాయిస్ 'యులిసెస్'లో ఉద్ధరణ గుర్తులకు బదులు పంక్తి మొదట గీత పెట్టాడు. పోర్చుగీసు నవలాకారుడు జోసె సరమాగో గీత కూడా వదిలి, కామా తర్వాత పెద్ద అక్షరంతో గొంతు మార్పును సూచించాడు. మనవారు దీన్ని చూసి ముచ్చటపడటం సహజమే. ఒక్క సంగతి మరుస్తున్నారు: తెలుగు లిపిలో పెద్ద అక్షరం లేదు. సరమాగో పద్ధతి ఇక్కడికి వచ్చేసరికి ఉత్త కామా మిగులుతుంది. గొంతు మార్పును మనకు చెప్పగలిగేవి 'అని', 'అంట', 'అన్నడు' మాత్రమే. వాటిని చాదస్తమని కొట్టేసి, చిహ్నాలూ తీసేసిన కథలో మాట ఎవరిదో తెలియని స్థితి వస్తుంది. అలా తెలియకపోవడంలో లాభపడేది ఎప్పుడూ కథకుడే, ఎందుకంటే యజమాని తెలియని మాటలన్నీ రచయిత ఖాతాలో పడతాయి. కూలి మనిషి మూడు తరాల తెలివితో అన్న మాట రచయిత మెరుపువాక్యంగా సభల్లో ఉటంకితమవుతుంది. చిహ్నాలు పెట్టిన కథలో కనీసం ఆ దొంగతనం బయటపడుతుంది.

కల్పన కాని రచనల నుంచి ఇక్కడ కొంత నేర్చుకోవచ్చు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. సూర్యాపేట ప్రాంతపు కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ 'నా మాటే తుపాకి తూటా' కూడా ఆమె చెప్పగా ఇతరులు రాసినదే. ఇలాంటి పుస్తకం మొదటి పుట నుంచి చివరి పుట దాకా అనుకరణమే. దాని చుట్టూ ఒక్క జత చిహ్నాలు లేవు, అక్కరా లేదు. మాట ఎవరిదో అట్ట మీదే తేలిపోయింది. అక్కడ చిహ్నం చేయవలసిన పనిని ఒప్పందం చేసింది: చెప్పినవారి పేరు ముందు, రాసినవారి పేరు వెనక. కల్పనలో ఈ ఒప్పందానికి వీలు లేదు. వీలు లేనిచోట చిహ్నం ఆ బరువు మోస్తుంది.

నేను చేరుకున్న అభిప్రాయం ఇది. అనుకరణ చిహ్నం సరైనదా కాదా అన్నది దాని ఉనికితో తేలదు. అది ఆ పాత్ర చేసిన వాక్‌క్రియను నిలబెట్టిందా, మార్చిందా అన్నదానితో తేలుతుంది. పాత్ర ఎదుట నిలబడి, తన పూచీతో అన్న మాటకు చిహ్నం గౌరవం. పంచాయితీలో నిలబడి నిలదీసిన స్త్రీ మాటను కథకుడు తన కథనంలో కలిపేసుకోవడం అన్యాయం. ఆ మాటకు తెరుపూ మూతా రెండూ కావాలి, అది ఆమె సంతకం. మరొకరి మాటను మోసుకొచ్చినప్పుడు, విన్నదాన్ని 'అంట'తో వదిలినప్పుడు, తను వస్తానని ఎవరో అన్నారని చెప్పినప్పుడు చిహ్నం జోక్యం. అక్కడ ధాతువునూ ప్రత్యయాన్నీ నమ్మి చేతులు కట్టుకోవడమే సరి. దీనివల్ల ఒకే కథలో కొన్ని మాటలకు చిహ్నాలుండి కొన్నిటికి లేకపోవచ్చు. ఏకరూపత చెడిందని సంపాదకులు అభ్యంతరపెడతారు. ఏకరూపత అచ్చుకు సంబంధించిన మర్యాద. మనుషులు ఏకరూపంగా మాట్లాడరు.

మాండలిక పదాన్ని ఒంటి అనుకరణ చిహ్నాల్లో బంధించి పక్కన అర్థం రాయడం మాత్రం ఏ వాదంతోనూ సమర్థించలేని అలవాటు. కథనంలో వచ్చిన 'పొలాస', 'రిజర్వాయరు' పక్కన ఎవరూ గుర్తులు పెట్టరు. 'ఊకున్నడు' దగ్గర పెడతారు. ఆ గుర్తు అర్థం చెప్పడం కోసం కాదు, ఈ మాట నాది కాదు అని రచయిత చేతులు కడుక్కోవడం కోసం. వారపత్రికల కథల్లో స్త్రీ పాత్ర ప్రతి వాక్యం చివర వేలాడే మూడు చుక్కల గురించి వేరే వ్యాసమే రాయవచ్చు. ఇన్ని దశాబ్దాలుగా ఆమె ఒక్క వాక్యాన్నీ పూర్తిచేసి ఎరగదంటే నమ్మడం కష్టం.

ఈ ప్రశ్న ఇప్పుడు అనువాదం దగ్గర మరింత పదునెక్కింది. తెలంగాణ కథలు ఇంగ్లీషులోకి వెళ్తున్నాయి, వెళ్లాలి కూడా. 'రాజయ్య తను రేపొస్తనన్నడు' అన్న వాక్యం ముందు కూర్చున్న అనువాదకుడు రాజయ్యను 'నేను' అనిపించాలి, లేదా 'అతను' చేయాలి. మొదటిది ఎంచుకుంటే గుర్తులు తప్పవు, రాజయ్య ఎదురుగా వచ్చి మాట్లాడతాడు. రెండోది ఎంచుకుంటే గుర్తులు పోతాయి, వాటితోపాటు రాజయ్య గొంతూ పోతుంది. మూలంలో రాజయ్య, అతని మాట మోసుకొచ్చిన మనిషి ఒకే క్రియలో భుజం కలిపి నిలబడి ఉన్నారు. వాళ్లలో ఎవరిని ముందుకు పిలవాలో, ఎవరిని వెనక నిలబెట్టాలో అనువాదకుడు ఆ వాక్యానికి ఆ వాక్యం నిర్ణయించుకోవలసిందే.